మందు ఎంత ఎక్కింది, ఎప్పటికి దిగుతుంది: స్ప్రెడ్‌షీట్‌లో లెక్క కట్టడం ఎలా

"ఇంత తాగితే ఎన్ని గంటల్లో దిగుతుంది?" అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు, ప్రతిసారీ విడివిడిగా చెప్పేకన్నా లెక్క మొత్తం ఒకచోట రాసేస్తే ఎవరి నంబర్లు వాళ్లు వేసుకుని చూసుకుంటారని ఇది రాస్తున్నా. పెద్ద లెక్కలేం కావు, కూడికలు, తీసివేతలు, గుణకారాలు వస్తే చాలు. కాకపోతే చివర్లో వచ్చేది ఒక్క నంబర్ కాదు, "ఇంత నుంచి ఇంత మధ్యలో" అని వస్తుంది, చాలామందికి ఇక్కడే నిరాశ. కానీ నిజం అదే మరి.

మొదలెట్టేముందు రెండు విషయాలు. ఈ షీట్ చూసి బండి తీయొచ్చా లేదా అని తేల్చుకోవద్దు. తాగితే బండి ముట్టుకోవద్దు, షీట్‌లో సున్నా వచ్చినా సరే. అలాగే లెక్క కరెక్టేనా చూద్దామని పనిగట్టుకుని తాగొద్దు, నంబర్లు ఊహించి వేసుకున్నా షీట్ నేర్పేది అంతే నేర్పుతుంది.

కావాల్సినవి

- ఏదైనా స్ప్రెడ్‌షీట్. ఫోన్‌లో కూడా అవుతుంది గానీ 600 వరుసలు లాగాలి, కంప్యూటర్ అయితే సుఖం. పైథాన్ వచ్చినవాళ్లు పది లైన్ల లూప్ రాసేసుకోవచ్చు, లెక్క మాత్రం ఇదే.
- ఏం తాగారు, ఎన్ని మి.లీ., సీసా మీద ఎంత శాతం రాసుంది, ఏ టైముకి తాగారు.
- బరువు కేజీల్లో. ఎత్తు, వయసు కూడా ఉంటే మంచిది.
- చివరిదాకా చూసే ఓపిక. అందరూ పీక్ దాకా, అంటే రక్తంలో ఆల్కహాల్ లెవెల్ అన్నిటికన్నా పైకెక్కే చోటిదాకా చూసి ఆపేస్తారు, అసలు సంగతి దాని తర్వాతే ఉంటుంది.

1. తాగినదాన్ని గ్రాముల్లోకి మార్చండి

మి.లీ. × శాతం × 0.789. సీసా మీద ఉండే శాతం పరిమాణంలో లెక్క, బరువులో కాదు, ఆల్కహాల్ నీళ్ల కన్నా తేలిక కాబట్టి 0.789తో గుణించాలి. శాతాన్ని 40 అని కాకుండా 0.40 అని వేయండి.

330 మి.లీ. బీరు, 5 శాతం: 330 × 0.05 × 0.789 = 13 గ్రాములు.
60 మి.లీ. విస్కీ, 40 శాతం: 60 × 0.40 × 0.789 = 18.9 గ్రాములు.

ఇక్కడినుంచి ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం: 70 కేజీల మగమనిషి, 60 మి.లీ. విస్కీ రెండు, మొత్తం 37.87 గ్రాములు. సోడా కలిపారా ఐస్ వేశారా అన్నది ఈ లెక్కకి అక్కర్లేదు, గ్లాసులో ఎంత నీళ్లు పోసినా గ్రాములు మారవు.

2. ఆ గ్రాములు ఎన్ని లీటర్లలో పరుచుకుంటాయో చూడండి

ఆల్కహాల్ నీళ్లలో కలుస్తుంది, కొవ్వులోకి పెద్దగా పోదు. అందుకే ఒంట్లో ఎంత నీరుందన్నదే లెక్క. సింపుల్‌గా కావాలంటే మగవాళ్లకి కేజీకి 0.7 లీటర్లు, ఆడవాళ్లకి 0.6 లీటర్లు వేసుకోండి. మన మనిషికి 70 × 0.7 = 49 లీటర్లు. దీన్ని "వాల్యూమ్" అనుకుందాం.

ఇంకాస్త పక్కాగా కావాలంటే 1980లో వచ్చిన వాట్సన్ ఫార్ములా ఉంది. ఒంట్లో మొత్తం నీరు లీటర్లలో ఇస్తుంది:

మగవాళ్లు: 2.447 − 0.09516 × వయసు + 0.1074 × ఎత్తు సెం.మీ. + 0.3362 × బరువు
ఆడవాళ్లు: −2.097 + 0.1069 × ఎత్తు సెం.మీ. + 0.2466 × బరువు

రక్తంలో దాదాపు 80 శాతం నీరే కాబట్టి వచ్చిన దాన్ని 0.8తో భాగించండి. మన మనిషికి 30 ఏళ్లు, 170 సెం.మీ. అనుకుంటే నీరు 41.4 లీటర్లు, భాగిస్తే 51.7 లీటర్లు. సింపుల్ పద్ధతిలో 49 వచ్చింది, తేడా పెద్దగా లేదు. ఒళ్లు బాగా ఎక్కువ ఉన్నవాళ్లకి మాత్రం సింపుల్ పద్ధతి తప్పుదారి పట్టిస్తుంది, పెరిగిన బరువులో కొవ్వే ఎక్కువ కదా, అది నీరన్నట్టు లెక్కేస్తే లెవెల్ తక్కువ చూపిస్తుంది. వాళ్లు వాట్సన్ వాడడం మేలు.

3. ముందు కాగితం మీద చిన్న లెక్క

షీట్ జోలికి వెళ్లకముందే ఇది చేసి పెట్టుకోండి, తర్వాత సరిచూసుకోడానికి పనికొస్తుంది. స్వీడన్‌కి చెందిన ఎరిక్ విడ్‌మార్క్ 1932లో పుస్తకంగా అచ్చేసిన పద్ధతికి ఇది మూలం, ఇప్పటికీ కోర్టు కేసుల్లో నిపుణులు మొదట పట్టుకునేది దీన్నే.

లెవెల్ = గ్రాములు ÷ వాల్యూమ్ − 0.15 × గంటలు

37.87 ÷ 49 = లీటరుకి 0.77 గ్రాములు. గంటకి 0.15 చొప్పున దిగితే 5 గంటల 9 నిమిషాలకి సున్నా. అవే రెండు విస్కీలు 55 కేజీల ఆడమనిషి తాగితే వాల్యూమ్ 33 లీటర్లు, లెవెల్ 1.15, దిగడానికి 7 గంటల 40 నిమిషాలు. గ్లాసులు సమానమే, లెవెల్ మాత్రం ఒకటిన్నర రెట్లు.

యూనిట్ల దగ్గర జాగ్రత్త. ఇక్కడ అన్నీ లీటరుకి గ్రాముల్లో రాస్తున్నా. కొన్నిచోట్ల 100 మి.లీ.కి గ్రాముల్లో రాస్తారు, అప్పుడు ఇదే 0.077 అవుతుంది, ఇంకొన్నిచోట్ల 100 మి.లీ.కి మిల్లీగ్రాముల్లో, అప్పుడు 77. ఎక్కడో చూసిన లిమిట్‌ని ఇంకో యూనిట్‌లో ఉన్న మీ నంబర్‌తో పోల్చారంటే పది రెట్లో వంద రెట్లో తేడా వచ్చేస్తుంది.

4. మరి షీట్ ఎందుకు?

చిన్న లెక్కలో రెండు అబద్ధాలున్నాయి. తాగిందంతా ఆ క్షణమే రక్తంలో కలిసిపోయినట్టు అనుకుంటుంది, అదొకటి. సున్నాదాకా ఒకే వేగంతో దిగుతుందని అనుకుంటుంది, అది రెండోది.

నిజానికి కడుపులోంచి చిన్నపేగులోకి వెళ్లాకే ఎక్కువభాగం రక్తంలో కలుస్తుంది, కడుపు నిండుగా ఉంటే ఇది నిదానంగా జరుగుతుంది. దిగడం సంగతికొస్తే తాగిన దాంట్లో 90 శాతం పైనే లివర్ కరిగించాల్సిందే, ఊపిరి, చెమట, మూత్రం ద్వారా పోయేది కొంచెమే. లివర్‌లో ఈ పని ఎక్కువగా చేసేది ఆల్కహాల్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైము, అది కొంచెం ఆల్కహాల్ ఉన్నా ఫుల్లుగా బిజీ అయిపోతుంది. ఒకే కౌంటర్ ఉన్న టికెట్ క్యూ అనుకోండి, వెనకాల పదిమందున్నా వందమందున్నా గంటకి ఇచ్చే టికెట్లు అన్నే. క్యూ దాదాపు ఖాళీ అయ్యాక మాత్రమే కౌంటర్ నిదానిస్తుంది. ఈ ప్రవర్తనకి 1913 నాటి మైకేలిస్–మెంటెన్ సమీకరణం సరిగ్గా సరిపోతుంది, మనం వాడేది అదే. థియరీ ఇంతే, ఇక పని మొదలెడదాం.

5. షీట్ కట్టండి

పైన ఒక మూల నాలుగు నంబర్లు పెట్టుకోండి, ఫార్ములాల్లో వీటిని నేరుగా టైప్ చేయకుండా ఆ గడిని చూపించండి, తర్వాత మార్చి చూడడం తేలికవుతుంది.

- వాల్యూమ్: 49
- పీల్చుకునే వేగం: 4 (ఖాళీ కడుపు), 1.5 (బాగా తిన్నాక). గంటకి లెక్క. 4 అంటే కడుపులో ఉన్నదాంట్లో సగం దాదాపు 10 నిమిషాల్లో వెళ్లిపోతుందని. ఇవి రాతిమీద గీతలేం కాదు, మొదలెట్టడానికి వేసుకునేవి.
- లివర్ గరిష్ఠ వేగం: 0.16
- సగం వేగం దగ్గరి లెవెల్: 0.05. అంటే లెవెల్ 0.05 ఉన్నప్పుడు లివర్ సగం వేగంతో నడుస్తుందని.

ఇప్పుడు కాలమ్స్. ఒక్కో వరుస ఒక్కో నిమిషం.

ఏ: నిమిషం. 0, 1, 2... అలా 600 దాకా.
బి: ఆ నిమిషంలో తాగిన గ్రాములు. ఎక్కువ గడులు ఖాళీగానే ఉంటాయి.
సి: కడుపులో ఉన్నది = పై వరుస సి − పై వరుస డి + ఈ వరుస బి
డి: ఈ నిమిషంలో రక్తంలోకి వెళ్లేది = సి × పీల్చుకునే వేగం ÷ 60
ఇ: ఒంట్లో పరుచుకుని ఉన్నది = పై వరుస ఇ + పై వరుస డి − పై వరుస జి
ఎఫ్: లెవెల్ = ఇ ÷ వాల్యూమ్
జి: ఈ నిమిషంలో లివర్ కరిగించేది = గరిష్ఠ వేగం × ఎఫ్ ÷ (సగం వేగం దగ్గరి లెవెల్ + ఎఫ్) × వాల్యూమ్ ÷ 60
హెచ్: ఇప్పటిదాకా కరిగినది మొత్తం = పై వరుస హెచ్ + పై వరుస జి

మొదటి వరుసలో బి, సి రెండూ 37.87, ఇ, హెచ్ సున్నా. డి 2.52 రావాలి. రెండో వరుసలో సి 35.35, ఇ 2.52, ఎఫ్ 0.0515. మూడో వరుసలో ఇ 4.81, ఎఫ్ 0.098. ఇవి రాకపోతే ముందుకెళ్లకండి, ఫార్ములా ఎక్కడో ఒక వరుస జరిగుంటుంది.

కిందకి లాగేముందు పైన పెట్టిన నాలుగు గడులకి డాలర్ గుర్తు పెట్టి లాక్ చేశారో లేదో చూసుకోండి, లేదంటే కిందకి లాగేకొద్దీ ఆ గడులు కూడా జారిపోయి ఎఫ్ కాలమ్ నిండా ఎర్రర్లు కనిపిస్తాయి.

6. గ్రాఫ్ గీసి చూడండి

ఏ కాలమ్ కింది అడ్డగీత మీద, ఎఫ్ కాలమ్ పక్కన నిలువుగీత మీద పెట్టి లైన్ గ్రాఫ్ వేయండి. ఖాళీ కడుపు లెక్కలో పీక్ 0.63 దగ్గర, 45 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. చిన్న లెక్కలో వచ్చిన 0.77 ఎక్కడా కనిపించదు, ఎందుకంటే పూర్తిగా ఎక్కేలోపే లివర్ కొంత కరిగించేసింది.

ఇప్పుడు పీల్చుకునే వేగం 1.5కి మార్చండి. పీక్ 0.49కి పడిపోతుంది, గంటా ఇరవై నిమిషాల దగ్గరికి జరుగుతుంది. తిని తాగితే తక్కువ ఎక్కుతుందనేది అందుకే నిజం. కానీ అక్కడితో ఆగకుండా గ్రాఫ్ చివర చూడండి. లెవెల్ 0.02కి చేరే టైము మొదటి దాంట్లో 5 గంటల 50 నిమిషాలు, రెండో దాంట్లో దాదాపు 6 గంటలు. కడుపు నిండా తిన్నందుకు పీక్ తగ్గింది గానీ పూర్తిగా దిగే టైము ఈ మోడల్‌లో ఏమీ కలిసిరాలేదు. (నిజంలో తిండి వల్ల కొంచెం లాభం ఉంటుంది, కడుపులోనే కొంత కరుగుతుంది, లివర్ వేగం కూడా కాస్త పెరుగుతుంది, ఈ షీట్‌లో అవి లేవు.) "బాగా తిన్నా కదా, తొందరగా దిగిపోద్ది" అనేవాళ్లకి ఈ రెండు గీతలు చూపిస్తే చాలు.

ఇంకో సంగతి. తాగడం ఆపిన నిమిషంలో లెవెల్ ఎంతుందో చూడండి, దాని తర్వాత కూడా గీత పైకే పోతుంది. "ఇప్పుడు బానే ఉన్నా" అని లేచి బయల్దేరేది సరిగ్గా ఈ ఎక్కే దశలోనే.

7. గ్యాప్ ఇచ్చి తాగితే

బి కాలమ్‌లో 0వ నిమిషం దగ్గర 18.94, 60వ నిమిషం దగ్గర ఇంకో 18.94 వేయండి, అంతే, మిగతాదంతా షీటే చూసుకుంటుంది. పీల్చుకునే వేగం మళ్లీ 4 పెడితే పీక్ 0.63 నుంచి 0.52 దగ్గరికి తగ్గుతుంది, గంటన్నర దాటాక వస్తుంది.

మెల్లగా సిప్ చేసేవాళ్లు ఒక గ్లాసుని ముక్కలు చేసి, ఉదాహరణకి 20 నిమిషాల్లో తాగితే నిమిషానికి ఒక్కో వంతు చొప్పున, ఇరవై వరుసల్లో పంచండి.

8. ఇప్పుడు రేంజ్ తీయండి, ఇది వదిలేయొద్దు

ఒకే మనిషికి కూడా రోజు రోజుకీ వేగం మారుతుంది, మనిషి మనిషికీ ఇంకా మారుతుంది. గంటకి 0.10 నుంచి 0.25 దాకా మామూలే, రోజూ బాగా తాగే అలవాటున్నవాళ్లలో అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. కాబట్టి లివర్ వేగాన్ని 0.11 పెట్టి ఒకసారి, 0.25 పెట్టి ఇంకోసారి నడపండి.

మన ఉదాహరణలో 0.02కి చేరడానికి నిదానంగా కరిగేవాళ్లకి దాదాపు ఎనిమిదిన్నర గంటలు, వేగంగా కరిగేవాళ్లకి నాలుగు గంటల లోపే. అవే గ్లాసులు, అదే బరువు, టైము మాత్రం రెండు రెట్లకి పైగా తేడా! మీరు ఈ రెండింట్లో ఎటువైపో బయటినుంచి చూసి చెప్పడం కుదరదు. అందుకే ఎవరైనా యాప్‌లో "4 గంటల 12 నిమిషాలకి దిగుతుంది" అని నిమిషాలతో సహా చూపిస్తే ఆ నిమిషాలని నమ్మకండి, లోపల నడిచేది ఇలాంటి లెక్కే, రేంజ్ దాచేసి మధ్య నంబర్ ఒక్కటే చూపిస్తున్నారు.

షీట్ కరెక్టేనా, ఎలా తెలుస్తుంది?

మొదటి పరీక్ష, అన్నిటికన్నా ముఖ్యమైంది: ఏ వరుసలోనైనా సి + ఇ + హెచ్ కూడితే అప్పటిదాకా తాగిన గ్రాములే రావాలి. ఐ కాలమ్‌లో ఆ కూడిక పెట్టుకోండి, పైనుంచి కిందిదాకా 37.87 కదలకుండా ఉండాలి. కదిలిందంటే ఎక్కడో గ్రాములు మాయమవుతున్నాయనో, గాల్లోంచి పుడుతున్నాయనో అర్థం.

రెండోది, పాత లెక్కతో పోల్చడం. పీల్చుకునే వేగం 30, లివర్ వేగం 0.15, సగం వేగం లెవెల్ 0.001 పెట్టండి. ఇలా పెడితే షీట్ దాదాపు విడ్‌మార్క్ లెక్కలా మారిపోతుంది కాబట్టి 5 గంటల 9 నిమిషాల దగ్గర సున్నాకి చేరాలి. చివర్లో లెవెల్ మైనస్‌లోకి దిగినా, పిచ్చి నంబర్లు వచ్చినా కంగారు పడకండి, నిమిషం అడుగు అక్కడ పెద్దదైపోయిందంతే, జి కాలమ్‌లో వచ్చేది ఇ కన్నా ఎక్కువ కాకుండా మిన్ ఫంక్షన్ పెట్టండి. పరీక్ష అయ్యాక పాత నంబర్లు మళ్లీ పెట్టడం మర్చిపోవద్దు.

మూడోది, అడుగు సగం చేయడం. 60 ఉన్నచోటల్లా 120 పెట్టి అర నిమిషం వరుసలతో నడపండి. పీక్ మూడో దశాంశంలో తప్ప మారకూడదు.

ఎక్కువమంది చేసే తప్పులు

అన్నిటికన్నా పెద్దది, ఒక్కో గ్లాసుకి విడివిడిగా లెక్కేసి చివర్లో కలపడం. ఒక విస్కీ 0.386, గంటకి 0.15 చొప్పున 2 గంటల 35 నిమిషాల్లో దిగుతుంది, రెండోదీ అంతే కాబట్టి రెండూ ఒకేసారి తాగినా 2 గంటల 35 నిమిషాల్లో అయిపోతాయి అనుకుంటారు. అంటే ఒంట్లో రెండు లివర్లు ఉన్నట్టు! ఉన్నది ఒకటే, టైము రెట్టింపు పడుతుంది.

"గంటకొక డ్రింక్ దిగిపోతుంది" అనే మాట ఇంకోటి. ఏ డ్రింక్? బ్రిటన్‌లో ఒక యూనిట్ అంటే 8 గ్రాములు, ఆస్ట్రేలియాలో స్టాండర్డ్ డ్రింక్ 10, అమెరికాలో 14. మన మనిషి గంటకి కరిగించేది 0.15 × 49, అంటే 7 గ్రాముల చిల్లర. 8 గ్రాముల యూనిట్‌కి ఆ సామెత దాదాపు సరిపోతుంది, 14 గ్రాముల దానికి రెండు గంటలు కావాలి, చేత్తో ఉజ్జాయింపుగా పోసుకున్న గ్లాసుకి ఎంతో పోసినవాళ్లకే తెలియాలి.

గంటలకి ఉన్న వేగాన్ని నిమిషాల షీట్‌లో 60తో భాగించకుండా వేయడం కూడా మామూలే, అప్పుడు కడుపులో నంబర్ మైనస్ ప్లస్ మైనస్ అని గంతులేస్తుంది, చూడగానే తెలిసిపోతుంది. తెలియని తప్పు 0.789 మర్చిపోవడం, ఎందుకంటే గ్రాఫ్ అందంగానే వస్తుంది, లెవెల్ మాత్రం పావు వంతు పైనే ఎక్కువ చూపిస్తుంది.

కాఫీకి, చన్నీళ్ల స్నానానికి ఏ కాలమ్ పెట్టాలని కూడా అడిగారు. ఏదీ లేదు. మెలకువ రావచ్చు, లివర్ వేగం మాత్రం మారదు.

బ్రెత్ ఎనలైజర్ రీడింగ్‌తో పోల్చాలంటే

ఊపిరిలో వచ్చేది లీటరుకి మిల్లీగ్రాముల్లో ఉంటే 2.1తో గుణించండి, రక్తంలో లీటరుకి గ్రాములు వస్తాయి. 0.25 వస్తే 0.525 అన్నమాట. చాలా దేశాల్లో రక్తానికీ ఊపిరికీ నిష్పత్తి 2100 అని తీసుకుంటారు కాబట్టి ఈ 2.1. నిజానికి ఆ నిష్పత్తి కూడా మనిషిని బట్టి, టైముని బట్టి మారుతుంది. ఇప్పుడే గుటక వేసి ఊదితే నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల రీడింగ్ ఆకాశంలో ఉంటుంది, కనీసం 15 నిమిషాలు ఏమీ నోట్లో వేసుకోకుండా ఆగాలి. కొన్ని మౌత్‌వాష్‌ల్లో కూడా ఆల్కహాల్ ఉంటుంది, అదీ అంతే.

ఒకటి రెండు రీడింగులు ఉంటే వాటికి గీత తగిలేలా లివర్ వేగం మార్చి చూడొచ్చు, కానీ ఒకే రీడింగ్‌కి సరిపోయే జోడీలు చాలా ఉంటాయి, వేగంగా పీల్చుకుని వేగంగా కరిగించినా, నిదానంగా పీల్చుకుని నిదానంగా కరిగించినా ఆ ఒక్క చుక్క మీదుగానే గీత పోవచ్చు. పీక్ దాటాక కనీసం రెండు మూడు రీడింగులు, గంటకొకటి చొప్పున ఉంటేనే వాలు తెలుస్తుంది.

ఇక ఎవరైనా పీకల దాకా తాగి పిలిచినా లేవకపోతే, ఊపిరి నిదానంగా లేదా ఆగి ఆగి వస్తుంటే, ఒళ్లు చల్లబడి రంగు మారుతుంటే షీట్ తెరవకండి. వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదిలి వెళ్లకండి. నిద్రపోతే దిగిపోతుందిలే అనుకోవద్దు, కడుపులో ఇంకా మిగిలుంటే పడుకున్నాక కూడా లెవెల్ పెరుగుతూనే ఉంటుంది, 6వ స్టెప్‌లో గీసిన గ్రాఫ్ మొదటి భాగం చూపించేది అదే.